తెల్ల హీత్ పెంచడం ఎలా: కొనే రోజు నుంచి కత్తిరించే రోజు దాకా

జనవరిలో మా ఇంటికి ఎవరొచ్చినా బెల్ కొట్టే ముందు గుమ్మం పక్కన ఒక్క నిమిషం ఆగుతారు. చుట్టూ గడ్డి మంచుకు బిగుసుకుపోయి, గులాబీలు మోడులై ఉన్న రోజుల్లో అక్కడ మాత్రం హీత్ అనే పొట్టి పొద మీద తెల్లటి దుప్పటి పరిచినట్టు పూలు ఉంటాయి. లోపలికొచ్చి టీ తాగుతూ అడిగే మాట దాదాపు ఒకటే: "అక్కా, మేమూ ఇదే తెచ్చి పెట్టాం, రెండు నెలల్లో ఎండిపోయింది, నువ్వేం చేశావు?"

ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో 12 ఏళ్లుగా ఈ మొక్కను పెంచుతున్నాను, మొదట్లో పోగొట్టుకున్నవీ ఉన్నాయి. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పేటప్పుడు ఏదో ఒకటి మర్చిపోతున్నాను కాబట్టి అంతా ఒకచోట రాస్తున్నాను. ఇది బ్రిటన్‌లో ఉన్నవాళ్ల కోసం, ఐర్లండ్, జర్మనీ, నెదర్లాండ్స్ వైపు ఉన్నవాళ్లకీ పెద్ద తేడా ఉండదు.

ముందే ఒక మాట. ఈ మొక్క పోవడానికి కారణం మనం పట్టించుకోకపోవడం కాదు. చాలాసార్లు మన ఊళ్లో మల్లెకీ గులాబీకీ చేసినట్టే దీనికీ చేస్తాం, పశువుల ఎరువు వేస్తాం, రోజూ చెంబుడు నీళ్లు పోస్తాం, కత్తెర పెట్టడానికి చేతులు రావు. హీత్‌కి వీటిలో ఏదీ నచ్చదు.

ముందు సరైన మొక్క కొనాలి

దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే సగం మంది ఇక్కడే దెబ్బతింటున్నారు. షాపులో "తెల్ల హెదర్" అని అడిగితే మీ చేతికి మూడు వేర్వేరు మొక్కల్లో ఏదైనా రావచ్చు. చూడటానికి మూడూ ఒకేలా, సన్నటి సూదుల్లాంటి ఆకులతో ఉంటాయి.

మొదటిది మనకు కావాల్సింది, చలికాలం హీత్. ఇందులో తెల్లగా పూసేవాటిలో నేను చెప్పేవి రెండు. ఒకటి ఎరికా కార్నియా స్ప్రింగ్‌వుడ్ వైట్. నేల మీద పాకుతూ పరుచుకుంటుంది, ఎత్తు జానెడు మించదు, వెడల్పు మాత్రం మూరెడు, ఇంకా ఎక్కువే పోతుంది. జనవరి చివర నుంచి ఏప్రిల్ మొదటి దాకా పూస్తుంది. ఆల్ప్స్ కొండల మొక్క కాబట్టి మైనస్ 15 డిగ్రీల చలినీ, పైన మంచు పేరుకోవడాన్నీ లెక్కచేయదు. రెండోది ఎరికా డార్లీయెన్సిస్ వైట్ పర్ఫెక్షన్. ఇది కార్నియాకీ ఐర్లండ్, స్పెయిన్ వైపు పెరిగే ఎరిజీనా అనే హీత్‌కీ పుట్టిన సంకరం, మొదట డెర్బీషైర్‌లోని డార్లీ డేల్ అనే ఊరి నర్సరీలో కనబడింది కాబట్టి ఆ పేరు. మోకాలికి కాస్త కిందదాకా గుబురుగా పెరుగుతుంది, ఇంకా ముందే మొదలుపెట్టి ఎక్కువ రోజులు పూస్తుంది. సిల్బర్‌ష్మెల్జె అనే పేరు కనబడినా తీసుకోండి, అదీ తెల్లదే, అదీ డార్లీయెన్సిసే.

ఈ రెండూ ఎందుకంటే, హీత్‌లలో ఎక్కువ భాగం పుల్లనేల (సున్నం లేని ఆమ్లనేల) లేకపోతే బతకవు, ఈ చలికాలం రకాలు మాత్రం కొంచెం సున్నం ఉన్న నేలని కూడా ఓర్చుకుంటాయి. దక్షిణ ఇంగ్లండ్‌లో ఉన్న మనకి అది పెద్ద వరం.

రెండో రకం కల్లూనా, అసలు హెదర్ అంటే ఇదే. స్కాట్లండ్ కొండలన్నీ ఆగస్టులో ఊదారంగుకు తిరిగేది దీనివల్లే, అక్కడ తెల్ల కల్లూనా దొరికితే అదృష్టం అంటారు. 1855లో బాల్మోరల్‌లో ప్రష్యా యువరాజు ఫ్రెడరిక్ విక్టోరియా రాణి పెద్ద కూతురికి తెల్ల హెదర్ రెమ్మ ఇచ్చి పెళ్లి మాట ఎత్తాడట, రాణిగారు తన డైరీలో రాసుకున్నారు. మంచి మొక్కే, కానీ వేసవి చివర పూస్తుంది, పుల్లనేల తప్పనిసరి. మీ నేల సున్నపుదైతే కుండీలో తప్ప పెట్టకండి. ఆకు చూసి గుర్తుపట్టొచ్చు: కల్లూనా ఆకులు చిన్న పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి కాడకి అతుక్కుని ఉంటాయి, ఎరికా ఆకులు కాడకి దూరంగా విప్పారిన సూదుల్లా ఉంటాయి.

మూడోది ఎరికా గ్రాసిలిస్. సెప్టెంబర్, అక్టోబర్‌లో సూపర్‌మార్కెట్ల ముందు చిన్న గంటల్లాంటి పూలతో నిండుగా, చౌకగా పెడతారు. ఇది దక్షిణాఫ్రికా మొక్క, గడ్డకట్టే చలికి తట్టుకోదు. నేను మొదటి ఏడాది ఒక షాపులో నాలుగు కొన్నాను, లేబుల్ మీద "హీత్" అని తప్ప ఏమీ లేదు, డిసెంబర్‌లో రెండు రాత్రులు గట్టిగా మంచు పడగానే నాలుగూ పోయాయి. తప్పు నాదేమో అని చాలా రోజులు బాధపడ్డాను. మీకూ అలా జరిగి ఉంటే మీ చెయ్యి మంచిది కాదని అనుకోకండి, ఆ మొక్క బయట చలికాలం గడపడానికి పుట్టింది కాదు.

ఇంకో జాగ్రత్త: నీలం, నారింజ, మెరుపులతో కనబడే హెదర్లకి రంగు స్ప్రే కొట్టి ఉంటుంది. వాటి జోలికి పోవద్దు.

కాబట్టి లేబుల్ మీద పూర్తి పేరు ఉందా చూడండి. కార్నియా లేక డార్లీయెన్సిస్ అన్న మాట లేకపోతే కొనకండి. తర్వాత మొక్కని కుండీలోంచి మెల్లగా జారనిచ్చి వేళ్లు చూడండి (షాపువాళ్లు ఏమీ అనరు), తెల్లగా, లేత గోధుమరంగులో సన్నటి వేళ్లు కనబడాలి, నల్లగా మెత్తబడి వాసన వస్తే అక్కడే పెట్టేయండి. నిండా పూసినదానికన్నా మొగ్గల మీద ఉన్నదీ, అన్ని వైపులా గుబురుగా ఉన్నదీ మేలు. 9 సెంటీమీటర్ల చిన్న కుండీ మొక్కలు చాలు, పెద్దవి కొంటే డబ్బు దండగ, చిన్నవే తొందరగా నాటుకుంటాయి.

ఏమేం కావాలి

చదరపు మీటరుకి 5 మొక్కల చొప్పున హీత్ మొక్కలు. ఒక బకెట్, నీళ్లు. పార, చేతిపార. సన్నగా మాగిన బెరడు కంపోస్ట్ ఒక బస్తా, పీట్ (చిత్తడి నేలల్లోంచి తవ్వే నాచు మట్టి) లేని ఎరికేషస్ కంపోస్ట్, అంటే పుల్లనేల మొక్కలకు అమ్మేది, అయినా సరే. బంకమట్టి అయితే సున్నం కలవని గ్రిట్ (సన్నటి రాళ్ల గరుకు ఇసక) ఒక బస్తా. పైన పరచడానికి బెరడు ముక్కలు. మట్టి పీహెచ్ (నేల ఎంత పుల్లనో, ఎంత సున్నపుదో చెప్పే అంకె) చూసే చిన్న కిట్, గార్డెన్ సెంటర్‌లో దొరుకుతుంది. పదునైన పెద్ద కత్తెర, అది ఏప్రిల్‌కి.

ఎరువు జాబితాలో లేదు, మర్చిపోయి కాదు, నేలలో పెట్టే మొక్కకి అక్కర్లేదు.

మైకోరైజా (వేళ్లతో కలిసి వాటికి మేలు చేసే శిలీంధ్రం) పొడి ప్యాకెట్లు చూపించి చాలామంది అడుగుతున్నారు. గులాబీలకు వాడే ఆ మామూలు పొడిలోని శిలీంధ్రం హీత్ వేళ్లతో కలవదు, హీత్ జాతికి పనికొచ్చే శిలీంధ్రం వేరు. ఆ డబ్బుతో ఇంకో మొక్క కొనుక్కోండి.

ఎప్పుడు పెట్టాలి

అక్టోబర్ మొదలు నుంచి నవంబర్ మధ్య దాకా అన్నిటికంటే మంచిది. నేల ఇంకా వెచ్చగా ఉంటుంది, పైనుంచి వానలు పడుతుంటాయి, నీళ్లు పోసే పని మనకు తగ్గుతుంది. అది తప్పిపోతే మార్చి, ఏప్రిల్. వేసవిలో కుండీ మొక్కలు అమ్ముతారు కానీ జూన్, జూలైలో పెడితే నీళ్ల టెన్షన్ మీదే. నేల గడ్డకట్టి ఉన్నప్పుడూ, పిసికితే నీళ్లు కారేంత బురదగా ఉన్నప్పుడూ పెట్టవద్దు.

పని మొదలుపెడదాం

1. చోటు చూడండి. రోజులో కనీసం సగం పూట ఎండ తగలాలి. కొద్ది నీడలో బతుకుతుంది కానీ పూలు పల్చబడి, కొమ్మలు సాగిపోతాయి. పెద్ద చెట్ల కింద వద్దు, రాలిన ఆకులు మొక్క మీద తడిగా పేరుకుని కింద కుళ్లబెడతాయి. మీరు చలికాలంలో రోజూ నడిచే దారి పక్కన పెట్టండి అని నా సలహా. వెనక పెరట్లో మూలన పెడితే జనవరిలో ఎవరు వెళ్లి చూస్తారు?

2. నేల పరీక్ష చేయండి. పీహెచ్ కిట్‌లో 5.5 నుంచి 7 మధ్య వస్తే నిశ్చింత. 7.5 దాకా వచ్చినా కార్నియా సర్దుకుంటుంది. అంతకు మించితే, అంటే తెల్లటి సుద్దరాళ్లు కనబడే నేల అయితే, నేలలో ప్రయాస పడకుండా కుండీకి వెళ్లండి. తర్వాత గుప్పెడు తడిమట్టి తీసుకుని చేతుల మధ్య పాముతూ సన్నటి తాడు చేసి సకినంలా చుట్టండి. విరగకుండా చుట్టుకుందంటే అది బంకమట్టి. పొడిపొడిగా రాలిపోతే ఇసకనేల, హీత్‌కి ఇష్టమైనది.

3. నీరు దిగుతుందో లేదో చూడండి. ఈ అడుగు దయచేసి వదలకండి. 30 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి నిండా నీళ్లు పోసి ఇంకనివ్వండి, మళ్లీ నింపండి. మూడు నాలుగు గంటల తర్వాత కూడా నీళ్లు నిలిచి ఉంటే అక్కడ నేరుగా పెట్టకూడదు. కొత్తగా కట్టిన ఇళ్లలో ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్త, పైన అరచెయ్యి మందాన మంచి మట్టి పోసి గడ్డి పరుస్తారు, దాని కింద యంత్రాలు తొక్కిన గట్టి నేల, ఇటుక ముక్కలు, సిమెంటు గార పెళ్లలు ఉంటాయి. గారలో సున్నం ఉంటుంది, గట్టినేలలో నీరు నిలుస్తుంది, రెండూ చేటే. కనబడిన పెళ్లలన్నీ ఏరిపారేయండి.

4. కలుపు తీయండి, వేళ్లతో సహా. హీత్ ఒకసారి అల్లుకున్నాక దాని మధ్యలోంచి గరికలాంటి గడ్డినీ, బైండ్‌వీడ్ తీగనీ లాగడం మహా కష్టం, లాగితే హీత్ కూడా చేతికొస్తుంది. అవసరమైతే ఒక నెల ముందే మొదలుపెట్టండి.

5. మట్టి సిద్ధం చేయండి. మామూలు నేల అయితే చదరపు మీటరుకి ఒక బకెట్ బెరడు కంపోస్ట్ వేసి జానెడు లోతు కలపండి, అంతే. బంకమట్టి అయితే, లేదా పై పరీక్షలో నీరు నిలిచి ఉంటే, నేలని తవ్వి గుంట నింపే పని చేయకండి, మట్టిని పైకి పోగేయండి. మట్టి, బెరడు కంపోస్ట్, గ్రిట్ కలిపి 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తు మెరక చేయండి. చాలామంది బంకమట్టిలో చిన్న గుంట తీసి అందులో మాత్రం మంచి కంపోస్ట్ నింపుతారు. చుట్టూ గిన్నెలాగా బంక, మధ్యలో స్పాంజిలాంటి కంపోస్ట్, వానాకాలం నీళ్లన్నీ వచ్చి అందులో చేరతాయి, మొక్క వేళ్లు నీళ్లలో కూర్చుంటాయి. నా మొక్కలు రెండు ఇలాగే పోయాయి, తవ్వి చూస్తే వేళ్లు నల్లగా పేస్టులా ఉన్నాయి.

6. మొక్కని నానబెట్టండి. కుండీతో సహా బకెట్ నీళ్లలో ముంచి బుడగలు ఆగేదాకా ఉంచండి, పది పదిహేను నిమిషాలు పడుతుంది. హీత్ వేళ్లు జుట్టులా సన్నగా ఉంటాయి, కంపోస్ట్ ఒకసారి పూర్తిగా ఎండితే పైనుంచి పోసిన నీళ్లు పక్కలనుంచి జారిపోతాయి తప్ప లోపలికి దిగవు. ఎండిన వేళ్లముద్దని అలాగే పాతితే చుట్టూ మట్టి తడిగా ఉన్నా లోపల మొక్క దాహంతో చస్తుంది.

7. వేళ్లు విప్పండి. కుండీలోంచి తీశాక వేళ్లు గుండ్రంగా చుట్టుకుని ఉంటే కింది భాగాన్నీ పక్కల్నీ చేతివేళ్లతో మెల్లగా వదులు చేయండి. కొన్ని తెగినా ఫరవాలేదు. విప్పకుండా పెడితే అవి ఏళ్ల తరబడి అదే కుండీ ఆకారంలో ఉండిపోతాయి. రెండేళ్లయినా ఎదగలేదని ఒక స్నేహితురాలి మొక్కని పైకి తీస్తే కుండీలోంచి తీసిన మొక్కలాగే వచ్చేసింది.

8. లోతుగా నాటండి. మనకి అలవాటైన పద్ధతికి ఇది తిరగబడినట్టు ఉంటుంది. మిగతా మొక్కల్ని కుండీలో ఎంత లోతున ఉన్నాయో అంతే పెడతాం, హీత్‌ని మాత్రం కింది ఆకులు నేలకి ఆనేంత లోతుగా పెట్టాలి, ఉత్త కాడలు బయటికి కనబడకూడదు. మట్టిలో ఉన్న ఆ కాడల నుంచి కొత్త వేళ్లు పుడతాయి, మొక్క నిలదొక్కుకుంటుంది, గాలికి ఊగదు. పైకి పెడితే కాడలు కట్టెల్లా సాగి మధ్యలో బోడి అయిపోతుంది. చుట్టూ మట్టిని చేత్తో నొక్కండి, కాలితో తొక్కకండి.

9. దూరం. స్ప్రింగ్‌వుడ్ వైట్ అయితే మొక్కకీ మొక్కకీ 45 సెంటీమీటర్లు, డార్లీయెన్సిస్ అయితే 50 నుంచి 60. మొదటి ఏడాది ఖాళీగా, వెలితిగా అనిపిస్తుంది, ఓర్చుకోండి. మూడో ఏటికి అన్నీ కలిసిపోతాయి. ఒక్కొక్కటి విడివిడిగా పెట్టేకన్నా 3, 5, 7 కలిపి గుంపుగా పెడితేనే అందం. మధ్య ఖాళీల్లో స్నోడ్రాప్ గడ్డలు, పొట్టి డాఫోడిల్ గడ్డలు పెట్టుకోవచ్చు.

10. నీళ్లు పోసి, బెరడు పరచండి. ఒక్కో మొక్కకి రెండు లీటర్లు నిదానంగా పోయండి. తర్వాత బెరడు ముక్కల్ని రెండు మూడు వేళ్ల మందాన మొక్క చుట్టూ పరచండి, కొమ్మల మధ్యలోకి కుక్కవద్దు.

మొదటి వేసవి గండం

నాటిన తర్వాత చలికాలమంతా దాదాపు ఏ పనీ ఉండదు. అసలు గండం ఏప్రిల్ నుంచి సెప్టెంబర్. వేళ్లు ఇంకా పైపైనే ఉంటాయి, వారం రోజులు వాన లేకపోతే ఎండిపోతాయి. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి రెండు లీటర్ల దాకా, మొదలు దగ్గర పోయండి. రోజూ కొంచెం కొంచెం చిలకరించడం వల్ల పై పొర మాత్రమే తడుస్తుంది. పోసే ముందు బెరడు పక్కకి తీసి వేలు రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చి చూడండి, తడి తగిలితే ఆ రోజు మానేయండి.

ఒక విషయం మీకు తప్పకుండా తెలియాలి. హీత్ దాహమైతే తులసిలాగా వాలిపోయి మనకి చెప్పదు. సూదుల్లాంటి ఆకులు చచ్చిన తర్వాత కూడా కొన్ని రోజులు ఆకుపచ్చగానే కనబడతాయి, గోధుమరంగు తిరిగేసరికి ఆలస్యమైపోతుంది. అందుకే దీన్ని చూసి కాదు, మట్టిని చూసి నీళ్లు పోయాలి.

రెండో వేసవి నుంచి బాగా ఎండలు కాసిన వారాల్లో తప్ప అంత పట్టింపు అక్కర్లేదు. లండన్, రెడింగ్ వైపు కుళాయి నీళ్లలో సున్నం ఎక్కువ, కెటిల్ అడుగున పొర చూస్తూనే ఉంటాం. నేలలో ఉన్న చలికాలం హీత్‌కి కుళాయి నీళ్లు అప్పుడప్పుడూ పోస్తే నష్టం లేదు, వాననీళ్ల డ్రమ్ము ఉంటే మాత్రం అవే వాడండి.

కత్తిరింపు

పూలు వాడి గోధుమరంగుకు తిరగడం మొదలవగానే, అంటే ఏప్రిల్‌లో, ఆలస్యమైతే మే మొదటి వారంలో కత్తిరించాలి. వాడిన పూలగుత్తి కింద చిన్న చిన్న ఆకుపచ్చ చిగుళ్లు కనబడతాయి, కత్తెర ఆ చిగుళ్లకి కాస్త పైన, పూలగుత్తికి కింద పడాలి. పైన సమంగా బల్లలా కోయకుండా గుండ్రంగా, పక్కలు కూడా కలిపి, మొక్క సహజంగా ఉన్న ఆకారంలోనే కోయండి. కోసిన ముక్కలన్నీ దులిపి తీసేయండి, లోపల పడి ఉంటే కుళ్లుతాయి.

స్ప్రింగ్‌వుడ్ వైట్ ఒక ఏడాది కత్తిరించకపోయినా పెద్దగా చెడిపోదు, డార్లీయెన్సిస్ మాత్రం ఏటా కత్తెర పడకపోతే కాళ్లు సాగిన మనిషిలా తయారవుతుంది.

రెండు హెచ్చరికలు. ఒకటి, ఆకుల్లేని ముదురు కట్టెలోకి కోయవద్దు. గులాబీ అయితే మోడు నుంచి చిగురేస్తుంది, హీత్‌ ముదురు కట్టె నుంచి మళ్లీ చిగురుతుందన్న నమ్మకం లేదు, ఆ చోట బోడి మచ్చ ఉండిపోతుంది. రెండు, జూన్ దాటాక కత్తెర పెట్టవద్దు. వచ్చే చలికాలం పూలకి మొగ్గలు వేసవిలోనే కడతాయి. సెప్టెంబర్‌లో పెరడు శుభ్రం చేస్తూ హీత్‌ని కూడా నున్నగా కోసేసి, "ఈసారి పూయలేదక్కా" అని జనవరిలో ఫోన్ చేసినవాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు.

నేల లేనివాళ్లకి: కుండీ

ఫ్లాట్లలో ఉన్నవాళ్లు, సుద్దనేల ఉన్నవాళ్లు 30 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న కుండీలో ఒకటి లేదా రెండు మొక్కలు పెట్టుకోండి. అడుగున రంధ్రాలు తప్పనిసరి. మూడు వంతులు ఎరికేషస్ కంపోస్ట్, ఒక వంతు సన్న బెరడు కలపండి. కుండీ కింద ఇటుక ముక్కలు పెట్టి నేలకి అంటకుండా లేపితే చలికాలం నీరు నిలవదు, కింద పళ్లెం పెట్టవద్దు. వాననీళ్లే పోయండి. కుండీ ఎత్తి చూడండి, తేలిగ్గా అనిపిస్తే దాహంగా ఉన్నట్టే, అప్పుడు మొత్తం కుండీని బకెట్‌లో ముంచడమే మంచి మార్గం. మార్చి చివర ఎరికేషస్ మొక్కల ఎరువు ప్యాకెట్ మీద రాసినదాంట్లో సగం ఒక్కసారి వేస్తే ఏడాదికి చాలు. మూడేళ్లకొకసారి కొంచెం పెద్ద కుండీలోకి మార్చండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

పశువుల ఎరువు, కోళ్ల ఎరువు, వంటింటి కంపోస్ట్ వేయడం. ఈ మొక్క పేదనేలలో పుట్టింది, బలమైన ఎరువు పడితే మెత్తగా సాగి పూలు తగ్గిపోతాయి, వేళ్లు కూడా మాడతాయి. గుడ్డు పెంకుల పొడి అంటే సున్నమే, అది టమాటాలకు ఉంచండి.

గడ్డి అంచుల్లో పెట్టి గడ్డికి కొట్టే కలుపుమందు దీనిమీద పడనివ్వడం. గాలి లేని రోజు చూసి, మొక్క మీద అట్టముక్క అడ్డం పెట్టి కొట్టుకోండి, లేదా అసలు మానేయండి.

పూల మీద పురుగుమందు కొట్టడం. ఫిబ్రవరిలో కాస్త ఎండ రాగానే నిద్ర లేచిన బంబుల్ బీ రాణులు, అంటే ఆ బొద్దు తుమ్మెదలు, తేనె కోసం మొదట వచ్చే చోట్లలో ఇదొకటి. ఆ నెలలో వాటికి వేరే పూలు చాలా తక్కువ. హీత్‌కి మందు కొట్టాల్సినంత పురుగు నా అనుభవంలో ఎప్పుడూ పట్టలేదు.

ఒక మొక్క చచ్చిన గుంటలోనే వెంటనే ఇంకో హీత్ పెట్టడం. వేళ్లు కుళ్లి చచ్చి ఉంటే ఆ తెగులు మట్టిలోనే ఉంటుంది. చోటు మార్చండి, ముందు నీరు నిలవడాన్ని సరిచేయండి.

బాగుందో లేదో ఎలా తెలుసుకోవాలి

నాటిన ఆరు వారాలకి మొక్కని రెండు వేళ్లతో పట్టుకుని చాలా మెల్లగా పైకి లాగి చూడండి. నేల పట్టుకున్నట్టు అనిపిస్తే వేళ్లు లోపలికి దిగుతున్నట్టే. కదిలి పైకి వస్తుంటే మళ్లీ నొక్కి నీళ్లు పోయండి.

మే, జూన్ నెలల్లో ప్రతి కొమ్మ కొసకీ లేతాకుపచ్చ కొత్త చిగురు రావాలి. కొత్త ఆకులు పసుపు తిరిగితే నేలలో సున్నం ఎక్కువైనట్టు, ఎరికేషస్ మొక్కలకు అమ్మే ఇనుము టానిక్ ఒకసారి పోసి చూడండి, తగ్గకపోతే కుండీలోకి మార్చండి.

సెప్టెంబర్ చివర కొమ్మ కొసల్లో దగ్గరగా చూడండి. బియ్యపు గింజలో సగం ఉన్న పచ్చటి మొగ్గలు వరుసగా కనబడితే చలికాలం పూత ఖాయం. ఆ మొగ్గలు నెలల తరబడి అలాగే ఉంటాయి, విచ్చుకోవట్లేదని కంగారు పడొద్దు.

చచ్చిందేమో అని అనుమానం వస్తే గోరుతో కాడ మీద చిన్నగా గీరండి. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉంది. గోధుమరంగులో పొడిగా ఉండి, ఊపితే ఆకులు జలజలా రాలితే ఆ కొమ్మ పోయినట్టే. ఒక వైపే అలా అయితే దాన్ని కోసేసి, పచ్చగా ఉన్న వైపు కొమ్మని అటు వంచి మట్టి కప్పండి, ఏడాదిలో ఖాళీ పూడుకుంటుంది.

ఒక మొక్క నుంచి పది

డబ్బు ఖర్చు లేని మార్గం నేలంటు. ఏప్రిల్‌లో కత్తిరింపు అయ్యాక బయటి వైపు ఉన్న పొడవాటి కొమ్మని కిందికి వంచి, మధ్యభాగం రెండు వేళ్ల లోతు మట్టిలో పాతి, కొస పైకి ఉంచి, కదలకుండా వంచిన తీగముక్కో రాయో పెట్టండి. స్ప్రింగ్‌వుడ్ వైట్ అయితే మనం చేయకపోయినా పాకుతూ తనంతట తానే వేళ్లు వేస్తుంది, అంచు కొమ్మలు ఎత్తి చూస్తే దొరుకుతాయి. వచ్చే ఏడాది ఏప్రిల్‌లో తల్లిమొక్క నుంచి కోసి తవ్వి తీసి వేరేచోట పెట్టుకోవడమే.

ఎక్కువ మొక్కలు కావాలంటే జూలై, ఆగస్టులో ఆ ఏటి లేత పక్కకొమ్మలు 4, 5 సెంటీమీటర్ల ముక్కలు తీసుకోండి, కింది సగం ఆకులు తీసేయండి, ఎరికేషస్ కంపోస్ట్, పెర్లైట్ (తేలికైన తెల్లటి గుళికలు) సగం సగం కలిపిన చిన్న కుండీలో గుచ్చి, పాలిథీన్ సంచి తొడిగి నీడలో పెట్టండి. రెండు మూడు నెలల్లో వేళ్లు వస్తాయి. పదిలో ఆరేడు నిలిస్తే మంచి ఫలితమే.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు చూసి, హైదరాబాద్‌లో బాల్కనీలో పెట్టుకుంటామని ఒక కొమ్మ అడుగుతుంటారు. మా అమ్మ కూడా అడిగింది. ఇవ్వకండి, ఈ మొక్కకి చలి కావాలి, ఏప్రిల్ ఎండకి అక్కడ నిలవదు, పైగా మొక్కల్ని దేశం దాటించడానికి పర్మిట్లు, తనిఖీలు ఉంటాయి. అమ్మకి కరీంనగర్‌లో నందివర్ధనం ఉంది, ఏడాది పొడుగునా తెల్లగా పూస్తుంది. మీ నేలంటు మొక్కలు ఎక్కువైతే పక్కింటివాళ్లకి ఇవ్వండి, ఇచ్చేటప్పుడు లోతుగా నాటమనీ, మొదటి వేసవి నీళ్లు మానొద్దనీ ఒక చీటీ రాసి కుండీకి కట్టండి.